మూత్రసంచి నొప్పి ఉన్నవారికి బిగించడం కాదు, వదలడం నేర్పాలి

మూత్రసంచి చోట నొప్పి, ఒత్తిడి, మంట ఆరు వారాలు దాటినా తగ్గవు. మూత్రంలో సూక్ష్మజీవులను వెతికే యూరిన్ కల్చర్‌లో ఏమీ పెరగదు. అయినా గంటకోసారి మూత్రానికి వెళ్లాల్సి వస్తుంది. ఇలాంటివాళ్లకు ఎవరో ఒకరు ‘కీగెల్ వ్యాయామాలు చెయ్యండి’ అని సలహా ఇస్తారు. కటి అడుగున ఉండే పెల్విక్ ఫ్లోర్ కండరాలను బిగించి పట్టే వ్యాయామాలవి. ఈ స్థితిలో చాలామందికి దానివల్ల నొప్పి పెరుగుతుంది. అమెరికన్ వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో ఆ వ్యాయామాలను చెప్పింది కండరాలు వదులైపోయి మూత్రం జారిపోయే స్త్రీల కోసం. దీర్ఘకాలిక మూత్రసంచి నొప్పి ఉన్నవాళ్లలో ఎక్కువమందికి సమస్య దీనికి తలకిందులుగా ఉంటుంది. పెల్విక్ ఫ్లోర్ కండరాలు ఎప్పుడూ సగం బిగుసుకునే ఉంటాయి.

ఈ కండరాలు ముందు జఘనాస్థి (పొత్తికడుపు కింది ఎముక) నుంచి వెనక తోకఎముక వరకు పరుచుకుని మూత్రసంచిని, గర్భాశయాన్ని, పురీషనాళాన్ని కింది నుంచి మోస్తాయి. మూత్రసంచి నిండేకొద్దీ ఇవి కాస్త బిగిసి మూత్రాన్ని ఆపుతాయి, పోసేటప్పుడు వదులవుతాయి. నొప్పి ఉంటే శరీరం ఆ చోటును కాపాడుకోవాలని ఎప్పుడూ బిగబట్టి ఉంచుతుంది. అలా బిగుసుకుపోయిన కండరంలో నొక్కితే నొప్పి లేచే ముడులు ఏర్పడతాయి. ఆ నొప్పి పొత్తికడుపులోకి, మూత్రద్వారంలోకి పాకి, మూత్రసంచే నొప్పిపెడుతున్నట్టు అనిపిస్తుంది.

పరీక్షలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. వేలితో చూసినా, కండరంలోని విద్యుత్ చురుకుదనాన్ని గీతగా చూపే ఈఎంజీ ప్రోబ్‌తో చూసినా, ‘బిగించండి’ అంటే కండరం కదలిక చాలా తక్కువగా కనిపిస్తుంది. దాంతో ‘బలహీనత’ అని రాసి బిగింపు వ్యాయామాలు ఇస్తారు. ముందే కుంచించుకున్న కండరానికి ఇంకా కుంచించుకోవడానికి చోటెక్కడిది? ఈఎంజీలో చూడాల్సినవి రెండు. ఏమీ చేయకుండా పడుకున్నప్పుడు గీత ఎంత ఎత్తులో ఉంది, బిగించి వదిలాక ఎంత తొందరగా కిందికి దిగింది. అంకెలు యంత్రాన్ని బట్టి మారతాయి కాబట్టి, వేలితో నొక్కి నొప్పి చోట్లు వెతకడం కూడా తప్పనిసరి.

ఇంట్లో మొదటి పరీక్ష

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, యోనికి, మలద్వారానికి మధ్య ఉన్న చోట వేలిని తేలిగ్గా ఆనించండి. ఒక్కసారి బిగించి వదలండి. బిగించినప్పుడు ఆ చోటు లోపలికి పోవాలి, వదిలినప్పుడు మళ్లీ కిందికి రావాలి. తర్వాత నెమ్మదిగా అపానవాయువు వదలబోతున్నట్టు కింద తెరిచి చూడండి. వేలు ఇంకాస్త కిందికి కదలాలి. వదిలాక దిగకపోయినా, మెట్లు మెట్లుగా దిగినా బిగుతు ఉందనుకోవచ్చు. మూత్రధార మొదలవడానికి సమయం పట్టడం, మధ్యలో తెగడం, కలయికలో నొప్పి, మలబద్ధకం కూడా అదే వైపు చూపిస్తాయి.

ఊపిరితో వదలడం

అన్నిటికంటే ముఖ్యమైన సాధన ఇదే, ఎక్కువమంది తప్పుగా చేసేదీ ఇదే. పడుకుని పిక్కలను కుర్చీ మీద పెట్టండి. నాడా, బొందు, బెల్టు ఏదున్నా వదులు చెయ్యండి. నడుముకు బిగించి కట్టిన లంగా నాడా పొట్టను ఉబ్బనివ్వదు. పొట్ట ఉబ్బకపోతే కింద కండరమూ దిగదు. ఒక చెయ్యి పక్కటెముకల మీద, ఒకటి బొడ్డు కింద పెట్టి, ముక్కుతో నాలుగు సెకన్లు పీల్చండి, ఆరు సెకన్లు వదలండి. పీల్చినప్పుడు ఉదరవితానం (ఊపిరితిత్తుల కింది డయాఫ్రమ్ కండరం) కిందికి జారుతుంది, దానితో పాటే పెల్విక్ ఫ్లోరూ దిగాలి. గాలి వదిలేటప్పుడు పైకి లాగొద్దు, దానంతట అదే వస్తుంది. ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు.

భుజాలు లేస్తున్నాయంటే ఊపిరి ఛాతీలోనే ఆగిపోతోంది. పిరుదులు బిగుస్తున్నాయంటే తొందర పడుతున్నారు. ముక్కి కిందికి నెట్టడం వదలడం కాదు, అది ఇంకో రకం ఒత్తిడి. ఒక వారం ఊపిరి మీదే గడిపి, కింద ఏదో దిగుతున్న స్పృహ వచ్చాక ఆసనాలకు వెళ్లండి. బాలాసనం, మోకాళ్ల కింద దిండ్లు పెట్టి సుప్త బద్ధకోణాసనం, ఆనంద బాలాసనం చాలు. ఒక్కోటి 60 నుంచి 90 సెకన్లు, అదే ఊపిరితో. యోగా తరగతికి వెళ్లేవాళ్లు మూలబంధం, అశ్వినీ ముద్ర పక్కన పెట్టండి. పేరు వేరైనా పని కీగెల్‌దే. ప్లాంకులు, సిట్-అప్‌లు కూడా కొన్ని వారాలు ఆపండి.

మూత్రానికి వెళ్లే పద్ధతి

వెస్ట్రన్ సీటు మీద ఆనకుండా గాల్లో నిలబడి పోయడం బయట అలవాటైన పనే. అలా నిలబడినప్పుడు తొడలు, పిరుదులు, పెల్విక్ ఫ్లోర్ అన్నీ బిగిసి ఉంటాయి. సీటు మీద కాగితం వేసుకునైనా పూర్తిగా కూర్చోండి. పాదాల కింద 20 సెంటీమీటర్ల పీట, మోచేతులు మోకాళ్ల మీద. ఇండియన్ టాయిలెట్ మంచిదే, మడమలు నేలకు ఆనితే. చివరి చుక్కల కోసం ముక్కొద్దు. మూడు ఊపిర్లు ఆగి, ముందుకు వంగి చూడండి.

మూడు రోజులు మూత్రానికి వెళ్లిన సమయం, మూత్రం కొలత రాయండి. వంటింట్లోకి తిరిగి రాని కొలత కప్పు ఒకటి చాలు. సగటున గంటకోసారి వెళ్తుంటే, వారానికి 10 నుంచి 15 నిమిషాలు పొడిగించండి, నొప్పి ఒప్పుకున్నంతే. తొందర వచ్చినప్పుడు ‘గట్టిగా బిగించి ఆపండి’ అన్న మామూలు సలహా మీకు పనికిరాదు. కూర్చుని, పొట్టను వదులు చేసి, ఐదు ఊపిర్లు లెక్కపెట్టండి. బస్సు ప్రయాణానికి భయపడి నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి ఇంకా మండుతుంది.

చేతితో చేసేది

మొదట బయటి నుంచి. లోపలి తొడల కండరాలు, జఘనాస్థి పైన పొత్తికడుపు చర్మం వేళ్లతో పట్టి నెమ్మదిగా పిసకండి. గోడకు ఆనుకుని, పిరుదుకు గోడకు మధ్య టెన్నిస్ బంతి పెట్టి ఒక్కో చోట నిమిషం ఉంచండి. తోకఎముక మీద, కూర్చునే ఎముక మీద వద్దు. తిమ్మిరి, కరెంటు కొట్టినట్టు అనిపిస్తే బంతి జరపండి, అక్కడ నరం ఉంది.

లోపలి మర్దన ఫిజియోథెరపిస్ట్ ఒకసారి చూపించాకే చెయ్యండి. గోరు కత్తిరించి, గ్లవ్, నీటి ఆధారిత జెల్ వాడి, వేలిని రెండో కణుపు వరకు నెమ్మదిగా పెట్టండి. యోనిని గడియారంగా ఊహించుకుంటే, 12 జఘనాస్థి వైపు, 6 మలద్వారం వైపు. 4, 5, 7, 8 దగ్గర లెవేటర్ కండరాలు దొరుకుతాయి. 3, 9 దగ్గర ఇంకాస్త లోపల ఆబ్చురేటర్ కండరం ఉంటుంది. మోకాలిని బయటికి, ఎదురు చేతి మీదికి నెడితే అది వేలికి గట్టిగా తగులుతుంది. పండిన టమాటాను నొక్కి చూసేంత బలం చాలు. నొప్పి చోట 30 నుంచి 60 సెకన్లు ఆగి, మెత్తబడ్డాక పక్కకు జరగండి. 11 నుంచి 1 వరకు ముట్టుకోవద్దు, అక్కడ మూత్రనాళం ఉంటుంది. మొత్తం ఐదు నిమిషాలు, రోజు విడిచి రోజు. ఆ తర్వాత బట్టలో చుట్టిన వేడినీళ్ల బ్యాగు 10 నిమిషాలు. నొప్పి మరుసటి రోజు దాటినా ఉందంటే బలం, సమయం రెండూ సగానికి తగ్గించండి. మూత్ర ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, గర్భంలో, కాన్పు లేదా ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు చెయ్యొద్దు.

ఉత్తర అమెరికాలోని 11 కేంద్రాల్లో 81 మంది స్త్రీలపై జరిగిన ఒక అధ్యయనం 2012లో వెలువడింది. ముడులపై చేతితో చేసే ఫిజియోథెరపీ పది విడతలు పొందినవాళ్లలో 59 శాతం మంది బాగుపడ్డామన్నారు. మామూలు ఒళ్లు మర్దన పొందినవాళ్లలో ఆ మాట అన్నది 26 శాతమే. అందరికీ పనిచెయ్యలేదన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది. మార్పు తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది.

మూత్రంలో రక్తం, జ్వరం, పక్కటెముకల కింద వెనక నొప్పి ఉంటే సాధన ఆపి యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. కల్చర్‌లో ఏమీ పెరగకుండా చీముకణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే, మన దేశంలో మూత్రవ్యవస్థ క్షయ పరీక్ష కూడా అడగాలి. తొడల మధ్య స్పర్శ పోవడం, మూత్రం అసలు రాకపోవడం అత్యవసరం, అదే రోజు ఆసుపత్రికి.

ఫిజియోథెరపిస్ట్‌ను ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: మీరు లోపలి కండరాలను వేలితో పరీక్షిస్తారా? బిగుతు ఎక్కువగా ఉంటే ఏం చేస్తారు? పరీక్ష లేకుండానే కీగెల్, లేదా కండరాన్ని బిగించే కరెంటు యంత్రం మొదలుపెడతామంటే ఇంకొకరిని వెతుక్కోండి. బిగింపు వ్యాయామం ఎప్పటికీ వద్దని కాదు. నొప్పి లేకుండా కండరం పూర్తిగా దిగుతోందని వేలికి తెలిశాక, మూడు సెకన్ల బిగింపు, పది సెకన్ల విరామంతో, ఐదుసార్లతో మొదలుపెట్టొచ్చు.