డీజిల్ బండి మనమే నేర్చుకుందాం – 5వ పాఠం: చలికి మైలేజీ ఎందుకు పడుతుంది?

పోయిన పాఠంలో ఫుల్ ట్యాంక్ కొట్టించినప్పటి నుంచి మళ్లీ ఫుల్ ట్యాంక్ కొట్టించేదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగారో, ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోమన్నాను కదా, ఆ నోట్‌బుక్ ముందర పెట్టుకోండి. డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీనే రాసుకున్నవాళ్లు మాత్రం వెనక్కి పోయి ఆ పాఠం మళ్లీ చదవండి, ఆ అంకెలతో ఇక్కడ పని జరగదు.

చలి మొదలైందంటే మా నల్లగొండలో ఇదే ముచ్చట. దసరా దాకా 20 ఇచ్చిన బండి డిసెంబర్‌లో 17కు దిగిందని ఒకాయన బాధ, బంకులో కొట్టేస్తున్నారని ఇంకొకాయన అనుమానం. మా పక్కింటి సార్ అయితే గడ్డకట్టిన కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందర తలకిందులు చేసి, ‘ఇదే ఇట్లైతే ట్యాంకులో డీజిల్ సంగతేంది’ అన్నారు. వినడానికి బాగుంది. కానీ కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, డీజిల్‌లోని మైనం తేలి ఫిల్టర్‌కు అడ్డం పడాలంటే మన చలి ఏ మూలకూ చాలదు. ఆ కష్టం లద్దాఖ్‌ది, అక్కడి కోసం 2019లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్ తెచ్చింది. మనం 13 డిగ్రీలకే బీరువాలోంచి మంకీ క్యాప్ బయటికి తీసేవాళ్లం. కాబట్టి డీజిల్‌ను అనుమానించడం ఇక్కడితో ఆపేద్దాం. నిజానికి చల్లటి డీజిల్ కాస్త దగ్గరపడి ఉంటుంది, 10 డిగ్రీలు తగ్గితే లీటరులో ఒక శాతానికి కాస్త లోపు డీజిల్ అదనంగా వస్తుంది, అంటే లాభమే.

మరి పోతున్నది ఎక్కడ? ఇంజిన్ వేడెక్కే లోపల. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు, గాలిని సుమారు పదహారో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. పొద్దుగాల సిలిండర్ గోడలు చల్లగా ఉంటాయి, పుట్టిన వేడిలో కొంత అవే మింగేస్తాయి, డీజిల్ అంటుకోవడం ఆలస్యమవుతుంది, ఆ టకటక చప్పుడు అదే. దాన్ని సరిచేయడానికి బండిలోని కంప్యూటర్ ఇంజిన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) పెంచి డీజిల్ ఎక్కువ పోస్తుంది. ఇంకోపక్క రాత్రంతా చలికి చిక్కబడ్డ ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్ లోపలి భాగాలను పట్టి లాగుతుంటాయి. రేడియేటర్ నీళ్లు వేడెక్కినా ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైం పడుతుంది.

ఇప్పుడు ఈ లెక్క చూడండి, పాఠమంతా దీని మీదే ఉంది. గడియారం సెంటర్ దగ్గరి నుంచి పిల్లలను 3 కిలోమీటర్ల దూరం స్కూల్లో దింపి వచ్చి బండి ఆపేస్తే, ఆ తిరిగిందంతా చల్లటి ఇంజిన్ మీదే తిరిగినట్టు. అదే బండి నార్కట్‌పల్లి మీదుగా హైవే ఎక్కి పంతంగి టోల్ దాటి హైదరాబాద్ పోతే, దాదాపు 100 కిలోమీటర్లలో మొదటి ఓ పదే చలివి, మిగతాదంతా వేడి ఇంజిన్ మీదే పోతుంది. అందుకని చలికాలంలో చిన్న తిరుగుళ్ల మైలేజీ బాగా పడాలి, పెద్ద ప్రయాణాల మైలేజీ పెద్దగా పడకూడదు. రెండూ ఒకేలా పడితే అది చలి కాదు, బండిలో ఏదో ఉంది.

పెద్ద ప్రయాణంలో గాలి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. 40 డిగ్రీల ఎండలోని గాలి కన్నా 15 డిగ్రీల గాలి 8, 9 శాతం చిక్కగా ఉంటుంది, 90 స్పీడులో పోతే దాన్ని చీల్చుకుని పోవడానికి అంత ఎక్కువ బలం కావాలి. కానీ ఎండాకాలం ఏసీ తినే డీజిల్ ఇప్పుడు మిగులుతుంది కదా, కాబట్టి ఒకదానికొకటి చాలావరకు సరిపోతాయి. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీల నుంచి మైనస్ 7కు పడిపోతే పెట్రోల్ కారు సిటీలో సుమారు 15 శాతం నష్టపోతుంది. మన దగ్గర అంత చలే లేదు, మరి 20 ఇచ్చే నా బండి 17 ఇస్తే అదే 15 శాతం! ఇక్కడే నాకు అనుమానం రావాల్సింది, కానీ నాకు రెండు చలికాలాలు పట్టింది.

నా బండి ఒక మే నెలలో వేడెక్కి, డ్యాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోతోందని షెడ్డుకు తీసుకుపోయాను. సాయంత్రానికి బాగైంది. ఎట్లా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. రెండో డిసెంబర్‌లో హైదరాబాద్ ప్రయాణం మీద కూడా మైలేజీ తగ్గి, చిట్యాల దాటినా ముల్లు సగానికి చేరకపోయేసరికి వేరే మెకానిక్ దగ్గర విప్పించాను. పైపు తీసి, లోపలికి చూసి, నవ్వి, ‘అన్నా, వాల్వే లేదు’ అన్నాడు. థర్మోస్టాట్ వాల్వ్. మన ఎండలకు దాంతో పనేముందని తీసేసే అలవాటు చాలా షెడ్లలో ఉంది.

ఆ వాల్వ్ పని ఏమిటంటే, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్ వైపు పోనీయకుండా ఆపడం. చాలావాటికి 82 అనో 88 అనో వాటి మీదే కొట్టి ఉంటుంది, ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. అది లేకపోయినా, తెరుచుకుని ఇరుక్కుపోయినా నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరిగి చల్లబడుతుంటాయి, ఇంజిన్ ప్రయాణమంతా సగం చలిలోనే ఉంటుంది. ఎండాకాలం ఇది బయటపడదు. కొత్త వాల్వ్ వేయించాక నా బండి మళ్లీ 20 దగ్గరికి వచ్చింది.

దీన్ని మీరే చూసుకోవచ్చు. రాత్రంతా ఆగిన బండిని పొద్దున స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి, రేడియేటర్ పై పైపును చేత్తో పట్టుకోండి (ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా, చున్నీ, కండువా లాంటివి వేలాడకుండా). చాలా బండ్లలో వాల్వ్ బాగుంటే ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నుంచే మెల్లగా గోరువెచ్చనవుతుంటే అనుమానించండి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తీయొద్దు. వాల్వ్ బయటికి వచ్చాక గిన్నెలో నీళ్లు మరిగించి దారంతో వేలాడదీస్తే, తెరుచుకుంటోందో లేదో కళ్లముందే కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు తిట్టని గిన్నె చూసుకోండి.

ఇక టైర్లు. 5 లేదా 6 డిగ్రీలు తగ్గితే గాలి సుమారు ఒక పాయింట్ (పీఎస్‌ఐ) దిగుతుంది. మే నెల మధ్యాహ్నం కొట్టించిన గాలితోనే డిసెంబర్ పొద్దున తిరిగితే నాలుగు పాయింట్లు దానంతటదే పోయినట్టు. ఇంటికి దగ్గర్లోని పంక్చర్ షాపులో, టైరు వేడెక్కకముందే చూపించండి.

స్టార్ట్ చేసి పది నిమిషాలు అట్లే వదిలేసే అలవాటు మానేయండి. డీజిల్ ఇంజిన్ నిలబడి ఉంటే సరిగ్గా వేడెక్కదు. చిన్న డీజిల్ కారు ఖాళీగా గంటకు సుమారు అర లీటరు తాగుతుంది, రోజుకు పది నిమిషాలంటే నెలకు రెండున్నర లీటర్లు. డ్యాష్‌బోర్డులో కాయిల్ గుర్తు లైటు (సిలిండర్‌ను ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్‌ది) ఆరాక స్టార్ట్ చేసి, అర నిమిషం ఆగి, మెల్లగా కదిలితే చాలు. బీఎస్-6 బండ్లవాళ్లకు ఇంకో తిప్పలుంది, ఎప్పుడూ చిన్న తిరుగుళ్లే అయితే పొగ ఫిల్టర్‌లో మసి పేరుకుని, దాన్ని కాల్చడానికి బండి అదనంగా డీజిల్ పోసుకుంటుంది. వారానికోసారి హైవే మీద ఓ అరగంట తిప్పండి.

ఈ వారం పని: నోట్‌బుక్‌లో రెండు పేజీలు చేయండి, ఒకటి ఊళ్లో తిరుగుడుకు, ఒకటి దూరానికి. దూరం పోయేముందు ఏ బంకులో ఫుల్ చేశారో తిరిగొచ్చాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర ఫుల్ చేయండి. పై పైపు ఎన్ని నిమిషాలకు వేడెక్కిందో కూడా రాయండి, 6వ పాఠంలో ఎయిర్ ఫిల్టర్ విప్పేటప్పుడు ఆ అంకె మళ్లీ కావాలి.