హాట్ స్ప్రింగ్స్ కొండెక్కే ముందు

డాలస్ నుంచి ఆర్కన్సాలోని హాట్ స్ప్రింగ్స్ నేషనల్ పార్క్‌కి బయల్దేరేవాళ్లకు:

- వేడినీటి ఊటలో మునగొచ్చని టవల్ సర్దుకోకండి. నీళ్లు దాదాపు 62 డిగ్రీల సెల్సియస్, చేయి కాలుతుంది. ఆరుబయట స్నానం కుదరదు, బాత్‌హౌస్‌కే వెళ్లాలి. ఆర్లింగ్టన్ లాన్ పక్కన కొండవాలు మీంచి పొగలు కక్కుతూ నీళ్లు జారుతుంటాయి. అక్కడ పిల్లల చెయ్యి అస్సలు వదలొద్దు.
- సన్‌సెట్ ట్రెయిల్ సుమారు 10 మైళ్లు. "కాసేపు తిరిగొద్దాం" అనుకునే దారి కాదది. పొద్దున్నే మొదలుపెట్టండి.
- ఊళ్లోని ఫౌంటెన్లలో ఊటనీరే వస్తుంది, తాగొచ్చు. నీళ్లు వేడిగా ఉండొచ్చు, అందుకే స్టీలు సీసా అయితే మేలు.
- పిడుదులుంటాయి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, వెనక్కి వచ్చాక మోకాళ్ల వెనక చూసుకోండి.
- మూడేసి ఆకుల తీగను ముట్టుకోవద్దు. పాయిజన్ ఐవీ కావచ్చు, రోజుల తరబడి దురద.
- చెప్పులు వద్దు, బూట్లే.