చిన్న క్లబ్‌కి ఆల్‌టైమ్ ఎలెవన్ ఎంచడం ఎలా? బెరీ ఎఫ్‌సీ ఉదాహరణగా

మాంచెస్టర్‌కి ఉద్యోగం మీద వచ్చిన మనవాళ్లలో ఫుట్‌బాల్ పిచ్చి పట్టినవాళ్లు దాదాపు అందరూ యునైటెడ్ వైపో సిటీ వైపో చేరిపోతారు. నేను మాంచెస్టర్ పక్క ఊరు బెరీకి వెళ్లే ట్రామ్ లైన్ పక్కన అద్దెకి దిగడంతో ఆ ఊరి చిన్న క్లబ్ బెరీ ఎఫ్‌సీ పాలబడ్డాను. ఇలాంటి క్లబ్ అభిమానులకి ఆల్‌టైమ్ పదకొండు మందిని, అంటే క్లబ్ చరిత్ర మొత్తంలోంచి ఒక జట్టుని, ఎంచడం ఇష్టమైన కాలక్షేపం. పెద్ద క్లబ్‌కైతే పేర్లు వాటంతటవే వచ్చి పడతాయి. చిన్న క్లబ్‌కి మాత్రం ఒక పద్ధతి ఉండాలి, లేకపోతే చివరికి వేరే క్లబ్ జాబితా తయారవుతుంది. నేను పాటించే పద్ధతి ఇది.

ముందు క్లబ్ కథ కాగితం మీద పెట్టుకోండి, ఒక్క పేరా చాలు. బెరీకైతే ఇలా ఉంటుంది: 1885లో పుట్టింది. 1900లోనూ 1903లోనూ ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ గెలిచింది. 1925-26లో అప్పటి పై అంచె ఫస్ట్ డివిజన్‌లో నాలుగో స్థానం, అదే లీగ్‌లో అత్యుత్తమం. 1929లో కిందికి పడ్డాక మళ్లీ ఆ డివిజన్ మొహం చూడలేదు. డబ్బు గొడవలతో 2019 ఆగస్టులో లీగ్ నుంచే బహిష్కరించారు. 2023 నుంచి తన పాత మైదానం గిగ్ లేన్‌లో మళ్లీ ఆడుతోంది, చాలా కింది స్థాయిలో. ఈ పేరా చూస్తే ఎత్తుపల్లాలు ఎక్కడున్నాయో తెలుస్తుంది, ఏ దశాబ్దంలో ఎవరిని వెతకాలో అర్థమవుతుంది.

తర్వాత నియమం పెట్టుకోండి. నాది ఒకటే: ఆ చొక్కా వేసుకుని చేసిందే లెక్క. ఆ తర్వాత ఎక్కడికెళ్లి ఏం సాధించినా ఈ కాగితం మీదకి రాదు. వినడానికి తేలికే గానీ పాటించేటప్పుడు గుండె పీకుతుంది. టెర్రీ మెక్‌డెర్మాట్ బెరీలోనే మొదలుపెట్టాడు, 1973లో న్యూకాసిల్‌కి, మరుసటి ఏడాది లివర్‌పూల్‌కి వెళ్లాడు. 1977 యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్లో అతను కొట్టిన గోల్ అందరికీ గుర్తే. కానీ ఆ గోల్ లివర్‌పూల్ ఖాతాలోది. దాన్ని పక్కన పెట్టి, బెరీలో ఆడిన కుర్రాడిగా మాత్రమే తూచండి. అప్పటికీ నిలిస్తే ఉంచండి.

నియమం అసలు పరీక్ష గోల్‌కీపర్ దగ్గర వస్తుంది. నెవిల్ సౌతాల్ పేరు వినని వాళ్లుండరు. వేల్స్‌కి 92 మ్యాచ్‌లు ఆడాడు, ఎవర్టన్‌లో దేవుడి లెక్క. అతన్ని 1980లో విన్స్‌ఫర్డ్ యునైటెడ్ అనే చిన్న జట్టు నుంచి 6,000 పౌండ్లకి తెచ్చింది బెరీనే. మరుసటి ఏడాదే 1,50,000 పౌండ్లకి ఎవర్టన్‌కి అమ్మేసింది. బేరంగా చూస్తే అద్భుతం. ఆటగా చూస్తే ఒక్క సీజన్. మరోవైపు డీన్ కీలీ ఉన్నాడు. 1996 నుంచి 1999 దాకా మూడు సీజన్లు, దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ గోల్ ముందు అతనే. మొదటి సీజన్‌లోనే బెరీ మూడో అంచె ఛాంపియన్ అయింది. నా జాబితాలో కీలీనే. మా పక్కింటి పెద్దాయనకి ఈ మాట చెప్తే రెండు రోజులు ముభావంగా ఉన్నారు, కానీ నేను మార్చలేదు.

కాలిన్ బెల్ విషయంలో నియమం ఇబ్బంది పెట్టదు. ఇంగ్లండ్‌కి 48 మ్యాచ్‌లు ఆడినవాడు, సిటీ స్టేడియంలో ఒక స్టాండ్‌కి అతని పేరుంది. అవన్నీ తీసేసినా చిన్న వయసులోనే బెరీకి కెప్టెన్ అయిన మిడ్‌ఫీల్డర్ మిగులుతాడు. 1966లో సిటీ అతన్ని కొనడానికి ముందు, సిటీ కోచ్ మాల్కం ఆలిసన్ బెరీ మ్యాచ్‌లకి వచ్చి, మిగతా క్లబ్‌ల స్కౌట్‌లకి వినపడేలా "వీడికి హెడింగ్ రాదు, ఎడమకాలు లేదు" అంటూ విమర్శించేవాడని కథ. బేరం కుదిరే దాకా పోటీ రాకుండా అన్నమాట! ఆలిసన్ స్వయంగా చెప్పుకున్న కథ కాబట్టి కాస్త ఉప్పు కారం కలిసి ఉండొచ్చు.

ఇక అంకెలు. ఎవరి పేరు పక్కన అంకె రాసినా, దాని పక్కనే డివిజన్ కూడా రాయండి. ఇది చాలామంది వదిలేస్తారు. క్రెయిగ్ మాడెన్ 1981-82లో లీగ్‌లోనే 35 గోల్స్ కొట్టాడు. కానీ అది ఫోర్త్ డివిజన్, అంటే నాలుగో అంచె. నార్మన్ బుల్లక్ 1920 నుంచి 1935 దాకా 506 లీగ్ మ్యాచ్‌లు ఆడి 124 గోల్స్ చేశాడు, అందులో కొన్నేళ్లు ఫస్ట్ డివిజన్‌లో గడిచాయి, ఇంగ్లండ్‌కీ ఆడాడు. అతని రికార్డును చివరికి మాడెనే దాటాడు, 129 గోల్స్‌తో. రంజీలో వెయ్యి పరుగులు, టెస్టుల్లో వెయ్యి పరుగులు ఒకటి కావని మనకి తెలుసు కదా, ఇదీ అంతే. అలాగని కింది డివిజన్ గోల్‌ని చిన్నచూపు చూడకండి. చిన్న క్లబ్ బతుకంతా అక్కడే. నాకు ఇద్దరూ కావాలి, ఫార్వర్డ్‌లుగా ఇద్దరినీ పెట్టాను.

అంకెల తర్వాత పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లండి. "మీ కాలంలో గొప్ప ఆటగాడు ఎవరు?" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకి అందరూ బెల్ అనే చెప్తారు. "ఏ మ్యాచ్ మర్చిపోలేరు?" అని అడగండి. బెరీ స్టాండ్‌లో ఇలా అడిగితే 1998 ఫిబ్రవరి 14 బయటికి వస్తుంది. సిటీ అప్పటి స్టేడియం మెయిన్ రోడ్‌లో, సిటీ మీద 1-0 గెలుపు, గోల్ కొట్టింది డిఫెండర్ పాల్ బట్లర్. అప్పుడు రెండో ప్రశ్న: "ఆ రోజు వెనకాల ఇంకెవరు ఆడారు?" క్రిస్ లుకెట్టీ పేరు వస్తుంది, మధ్యలో లెన్నీ జాన్‌రోజ్ పేరు వస్తుంది. టేబుల్స్‌లో మెరవని పేర్లు ఇలాగే దొరుకుతాయి. ఇంటికొచ్చాక తేదీలు, స్కోర్లు పాత మ్యాచ్ ప్రోగ్రామ్‌లలోనో, లైబ్రరీలో బెరీ టైమ్స్ పాత సంచికల్లోనో సరిచూసుకోండి. జ్ఞాపకంలో 1-0లు 3-0లు అయిపోతుంటాయి.

బాగా పాతవాళ్లని ఏం చేయాలి? 1903 ఫైనల్లో బెరీ డెర్బీ కౌంటీని 6-0తో ఓడించింది, ఆ కప్ మొత్తంలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. అంత పెద్ద తేడాతో ఫైనల్ గెలవడం మళ్లీ 2019లో సిటీకి మాత్రమే సాధ్యమైంది. ఆ జట్టులో ఒక్కరైనా లేకుండా ఎలెవన్ అంటే అన్యాయం. కానీ అప్పట్లో వెనక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు ఐదుగురు ఆడేవాళ్లు. ఇవాళ్టి 4-4-2లో (వెనక నలుగురు, మధ్యలో నలుగురు, ముందు ఇద్దరు) వాళ్లని ఇరికించాలని చూస్తే తలనొప్పే. పొజిషన్ గురించి పట్టించుకోకుండా రెండు కుర్చీలు వాళ్లకి వదిలేయండి. నేను కెప్టెన్ జార్జ్ రాస్‌నీ, రెండు ఫైనల్స్‌లోనూ గోల్ కొట్టిన జాక్ ప్లాంట్‌నీ కూర్చోబెట్టాను.

మన పాఠకులు అడగబోయేది నాకు తెలుసు: మన భారత ఫుట్‌బాలర్ బైచుంగ్ భూటియా సంగతేంటి? 1999 సెప్టెంబర్‌లో ఈస్ట్ బెంగాల్ నుంచి వచ్చాడు, అక్టోబర్ 3న కార్డిఫ్ సిటీ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. 2002 దాకా ఉండి 37 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, 3 గోల్స్ కొట్టాడు, గాయాలు వెంటాడాయి. నా నియమం ప్రకారం ఎలెవన్‌లో చోటు లేదు. మనవాడని గ్రేస్ మార్కులు వేస్తే మెక్‌డెర్మాట్‌కి చేసింది అన్యాయం అవుతుంది. అందుకే ఎలెవన్ పక్కన ఇంకో జాబితా పెట్టుకోండి, గుర్తుండిపోయినవాళ్ల జాబితా. యూరప్ క్లబ్‌తో కాంట్రాక్ట్ మీద సంతకం చేసిన మొదటి భారతీయుడు సిక్కిం నుంచి ఈ మిల్లుల ఊరికి రావడం చిన్న సంగతా? ఆ రెండో జాబితాలో నేను మొదట రాసిన పేరు అతనిదే, దాని కింద సౌతాల్.

చివరగా ఇప్పుడు ఆడుతున్నవాళ్ల గురించి. గిగ్ లేన్‌కి జట్టు తిరిగొచ్చిన ఉత్సాహంలో వాళ్లలో ఇద్దరు ముగ్గురిని చేర్చేయాలనిపిస్తుంది. ఆగండి. క్లబ్ వదిలి వెళ్లాక, ఇంకో రెండు సీజన్లు గడిచాక చూడండి. అప్పటికీ స్టాండ్‌లో వాళ్ల పేరు వినిపిస్తుంటే, అప్పుడు ఎవరిని తీసేయాలో మీ పక్కింటి పెద్దాయనతో తేల్చుకోవచ్చు.