కిరాణా కొట్టువాళ్ళకి: ముందు డబ్బా తూచండి

గుంటూరు బ్రాడీపేటలో చిన్న కిరాణా కొట్టు మాది. తోటి కొట్లవాళ్ళకి ఒక మాట.

కందిపప్పు, పంచదార విడిగా కొనేవాళ్ళని ఇంటి నుంచే డబ్బా తెచ్చుకోమనండి. ఖాళీ డబ్బాని ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి ‘టేర్’ బటన్ నొక్కితే అంకె సున్నాకి వస్తుంది, ఆ తర్వాత చూపేదంతా సరుకు బరువే. ఆ సున్నా కొనేవాళ్ళకి కనబడేలా కాటా తిప్పి పెట్టండి. తూకం మీద అనుమానం ఉంటే రెండోసారి ఎవరూ డబ్బా తీసుకురారు, అసలు చిక్కు అక్కడే. తడి డబ్బాలో మాత్రం పోయకండి, పంచదార గడ్డకడుతుంది, పప్పు బూజు పడుతుంది.

120 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచే నిషేధం. డబ్బా తేనివాళ్ళకి కాగితం కవరు చాలు. పాత న్యూస్‌పేపరులో పొట్లం కట్టొద్దు, సిరా తిండికి అంటుతుంది.

సబ్బుల, బిస్కెట్ల అట్టపెట్టెలు ఖాళీ అయిన రోజే మడిచి, కట్టకట్టి, నేలకి తగలకుండా పెట్టండి. తడిస్తే పాత పేపర్లవాళ్ళు ధర తగ్గించేస్తారు. గోనె సంచి మూతి కత్తితో కోయకండి. కుట్టు దారం కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడొస్తుంది, చిరగని సంచిని మళ్ళీ వాడుకోవచ్చు.