అన్నానికీ కూరకీ ఒకే సైజు డబ్బా: కొలతగా తినడానికి చవకలో ఏం కొనాలి

కేరేజీ అయినా, మూడు డబ్బాల లంచ్ సెట్టు అయినా మన ఇళ్లలో వరస ఒకటే. అన్నిటికన్నా పెద్ద గిన్నె అన్నానిది, మధ్యది పప్పుదో పులుసుదో, చిట్టిది కూరది. తిండి తగ్గించుకుందామని కొత్త డబ్బాలు కొన్నవాళ్లు కూడా ఇదే వరసలో సర్దుతారు. డబ్బాలు మారతాయి, తినేది మాత్రం మారదు. పెద్ద గిన్నె ఉందంటే అది నిండేదాకా పెడతాం, పెట్టాక పారెయ్యలేక తినేస్తాం. కాబట్టి మన విశాఖ పూర్ణా మార్కెట్‌కి బయల్దేరే ముందు స్టీలా ప్లాస్టిక్కా అన్నది తర్వాత. ఏది ఎంత తినాలి, దానికి ఎన్ని మిల్లీలీటర్ల చోటు కావాలి అన్నది ముందు తేలాలి.

ముందు లెక్క

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి 2000 కిలోకేలరీలు తినేవాళ్ల పళ్లెం ఇలా ఉంది: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు, గుడ్లు, చేపలు, మాంసం కలిపి 85, ఆకుకూరలతో సహా కూరగాయలు 400, పండ్లు 100, పల్లీలు, జీడిపప్పులాంటివి 35, నూనె, నెయ్యి 27 గ్రాములు, పాలు, పెరుగు 300 మి.లీ. ఇవన్నీ వండకముందు బరువులు. షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఈ లెక్క పనికిరాదు. వాళ్లు తమ డాక్టరు చెప్పిన కొలత పట్టుకుని మిగతాది చదవాలి.

ఆ 250 గ్రాముల్లో పొద్దుట ఇడ్లీ, రాత్రి చపాతీ కూడా ఉన్నాయని చాలామంది మర్చిపోతారు. అవి తీసేస్తే మధ్యాహ్నం అన్నానికి దక్కేది 80 గ్రాముల బియ్యం, కాస్త అటూ ఇటూ. వండితే అది 220 నుంచి 240 గ్రాముల అన్నం అవుతుంది. పొడిపొడిగా వేసిన అన్నం 100 గ్రాములకి సుమారు 150 మి.లీ. చోటు తీసుకుంటుంది. అంటే వాడుకోగలిగే చోటు 350 మి.లీ. ఉన్న డబ్బా చాలు. కానీ అన్నం గరిటెతో అదిమి పెట్టారంటే అదే డబ్బాలో 300 గ్రాముల దాకా పడుతుంది. డబ్బా సైజు చూసి మురిసిపోయేవాళ్ల లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడే. అన్నం వదులుగా వెయ్యాలి, అంచుకి ఒక వేలు కింద ఆపాలి, పైన గుట్టలా పొయ్యకూడదు.

ఇక కూర. రోజుకి 400 గ్రాముల కూరగాయల్లో సగం మధ్యాహ్నమే తినాలనుకుంటే 200 గ్రాముల బెండకాయో దొండకాయో తరగాలి. వేగాక బరువు తగ్గుతుంది గానీ ముక్కల మధ్య గాలి ఉంటుంది కాబట్టి దానికీ 300 మి.లీ. పైనే చోటు కావాలి. అంటే అన్నం డబ్బా, కూర డబ్బా ఒకటే సైజు. డబ్బు మిగిలేది కూడా దీనివల్లే: ఒకే కంపెనీవి, ఒకే సైజువి నాలుగు కొంటే ఏ మూత దేనికైనా పడుతుంది, ఒకదాని మూత విరిగినా రెండోది ఆదుకుంటుంది. తోటకూర, పాలకూర పొయ్యి మీద బాగా కుంగిపోతాయి, వాటికి ఈ డబ్బా సగం నిండినా కొలత సరిపోయినట్టే.

పప్పుకి, పెరుగుకి 150 నుంచి 200 మి.లీ. డబ్బాలు చాలు. ఈ రెండూ ఇంచుమించు నీళ్లంత బరువే కాబట్టి 150 మి.లీ. అంటే 150 గ్రాములు అనుకోవచ్చు. పల్లీలు 30 గ్రాములు 50 మి.లీ. చిట్టి డబ్బాలో పడతాయి. జంతికలు, చెగోడీలు ఉన్న పెద్ద డబ్బాని టీవీ ముందుకి తేవడం మానేసి, ఒక పూటకి సరిపడా చిన్న డబ్బాలోకి తీసి మిగతాది అటక మీద పెడితే సగం పని అయినట్టే.

నూనెకి డబ్బా అక్కర్లేదు, లెక్క చాలు. మనిషికి రోజుకి 27 గ్రాములు, 30 రోజులకి 810 గ్రాములు. లీటరు ప్యాకెట్‌లో ఉండేది 910 గ్రాములు కాబట్టి నలుగురున్న ఇంట్లో నెలకి మూడున్నర ప్యాకెట్లు, అదీ నెయ్యిని కూడా ఇందులోనే కలుపుకుంటే. నెల మధ్యలోనే నాలుగోది విప్పారంటే తప్పు డబ్బాది కాదు, మూకుడుది.

డబ్బాలో నిజంగా ఎంత పడుతుంది

మూత మీద 500 అని ఉంటే అది చాలాసార్లు అంచుదాకా నీళ్లు పోస్తే పట్టేది. మూత రబ్బరు లోపలికి దిగే చోటు తీసేస్తే వాడుకోగలిగేది అందులో ఐదింట నాలుగు వంతులు, అంతే. ఇంట్లో ఉన్న డబ్బాలు కొలిచి చూసుకున్నాకే కొత్తవి కొనండి, సగం మందికి కొనాల్సిన పనే ఉండదు.

1. వంటింటి త్రాసు మీద ఖాళీ డబ్బా పెట్టి సున్నా చెయ్యండి.
2. అంచుకి ఒక వేలు కింద దాకా నీళ్లు పొయ్యండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మిల్లీలీటర్లు.
3. త్రాసు లేకపోతే 250 మి.లీ. నీళ్ల సీసాతో కొలవండి. చిట్టి డబ్బాలకి దగ్గు మందుతో వచ్చే 10 మి.లీ. మూత సరిపోతుంది.
4. ఆ అంకె డబ్బా అడుగున రాసిపెట్టుకోండి.

రాయడం అంటే గుర్తొచ్చింది: స్టీలు సామాన్ల కొట్లో మిషనుతో పేరు చెక్కుతారు కదా, ఈసారి ఇంటిపేరుతో పాటు 350, 200 అని కొలత కూడా చెక్కించండి. మార్కరు రెండు తోముళ్లకి పోతుంది, ఇది పోదు. అన్నం వడ్డించేది ఎవరైనా చూసి పెడతారు.

అన్నం విషయంలో మాత్రం మొదటి వారం త్రాసు తప్పదు. సోనా మసూరి వేరు, దంపుడు బియ్యం వేరు, కుక్కర్లో మెత్తగా ఉడికింది వేరు. మీ ఇంటి అన్నం మీ డబ్బాలో ఎంత తూగుతుందో ఒకసారి తెలిస్తే తర్వాత కళ్లతోనే పోల్చుకోవచ్చు.

స్టీలు, ప్లాస్టిక్, గాజు

మన ఊళ్లో స్టీలుకి ఒక శత్రువు ఉంది, సముద్రపు గాలి. అందులోని ఉప్పు తేమ నాసిరకం స్టీలు మీద ముందు సూది మొనంత చుక్కలు వేస్తుంది, తర్వాత గుంటలు పెడుతుంది. 304 రకం స్టీలులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు ఎక్కువ వేస్తారు, అందుకే చవక, అందుకే ఇక్కడ త్వరగా చుక్కలు పడుతుంది. కొట్లో అయస్కాంతం పెట్టి చూపించి అంటుకోలేదు కాబట్టి మేలు రకం అంటారు, నమ్మకండి. 304కీ గట్టిగా అంటుకోదు, 202కీ గట్టిగా అంటుకోదు. అయస్కాంతంతో తెలిసేది నికెల్ దాదాపు లేని 400 వరస స్టీలు మాత్రమే. డబ్బా మీద 304 అనో, ఐఎస్‌ఐ గుర్తుతో పాటు ఐఎస్ 14756 (స్టీలు పాత్రల ప్రమాణం) అనో అచ్చు ఉందా అని చూడండి. రోజూ పెరుగు, పులిహోర, చారు పెట్టే డబ్బాకి 304 కొనండి. పల్లీలకి, చపాతీలకి 202 చాలు, అక్కడ ఎక్కువ పెట్టడం దండగ.

క్లిప్పులున్న స్టీలు డబ్బాల్లో ముందు తుప్పు పట్టేది డబ్బా కాదు, క్లిప్పుని పట్టుకున్న సన్నటి తీగ. బీచ్ రోడ్డు వైపు, హార్బరు వైపు ఉండేవాళ్లు క్లిప్పు లేకుండా బిగుసుకునే మూతో, మర మూతో తీసుకోవడం మంచిది. అంచు మడత కూడా వేలితో తడిమి చూడండి. మడత లోపల సందు ఉంటే అందులో పప్పు ఇరుక్కుంటుంది, ఎంత తోమినా వాసన పోదు. చింతపండు పులుపు, ఊరగాయ ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తాయి కాబట్టి వాటికి ఆ గిన్నెలు వద్దు.

ప్లాస్టిక్ అయితే డబ్బా తిరగేసి త్రికోణంలో అంకె చూడాలి. 5 ఉంటే పాలీప్రొపిలీన్, వేడి కూరకి తట్టుకుంటుంది. 1 ఉంటే నీళ్ల సీసాల రకం, వేడి అన్నం పడితే మెత్తబడి వంకర్లు పోతుంది. దాంట్లో కందిపొడి, పల్లీలు పోసుకోండి. అంకే లేని తోపుడు బండి డబ్బా ఎంత చవకైనా అందులో తిండి పెట్టొద్దు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటుగా ప్లాస్టిక్ వాసన కొట్టేదీ వద్దు. హోటలు పార్సిల్ డబ్బాలు చాలావరకు 5 రకమే, కానీ పల్చన. ఫ్రిజ్‌లో తరిగిన కూరగాయలు పెట్టుకోవడానికి బాగుంటాయి, వేడివి మళ్లీ మళ్లీ పోస్తే అంచులు చిట్లుతాయి. పసుపు మరక పట్టినంత మాత్రాన డబ్బా పాడైనట్టు కాదు. లోపల గరుకుగా, గీతలు గీతలుగా అయినప్పుడు మార్చాలి.

మైక్రోవేవ్‌కి పనికొస్తుంది అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన మూతకీ వర్తిస్తుందని కాదు. మూత వదులు చేసే వేడి చెయ్యాలి.

గాజువి ఇంట్లో ఫ్రిజ్ వరకే. మరకలు పట్టవు, లోపల ఎంతుందో బయటికి కనిపిస్తుంది. బస్సులో వెళ్లేవాళ్లకి మాత్రం బరువు. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు డబ్బాలో వెంటనే మరిగే చారు పోస్తే పగలొచ్చు.

కొట్లో చూడాల్సినవి

సెట్టు జోలికి పోకండి. 499 రూపాయలకి పదిహేను డబ్బాలు అని ఉంటే చవకే అనిపిస్తుంది, అందులో మీ కొలతకి తగ్గవి నాలుగే ఉంటే డబ్బా 125 పడినట్టు. మిగతా పదకొండూ అల్మారాలో చోటు తింటాయి. పూర్ణా మార్కెట్ వైపు స్టీలు కొట్లలో విడిగా తీసుకోవచ్చు, పాత స్టీలు ఇచ్చి మార్చుకోవచ్చు. తూకానికి అమ్మేచోట మందం ఎక్కువున్న డబ్బాకి ధరా ఎక్కువే పడుతుంది, చిన్న డబ్బాకి అంత మందం అక్కర్లేదు.

కొట్టువాణ్ని అడిగి సగం దాకా నీళ్లు పోయించి, మూత బిగించి, బోర్లించి పదిసార్లు ఊపండి. నాలుగు క్లిప్పుల పలకడబ్బాల్లో కారేది ఎక్కువగా మూలల్లోనే, అక్కడ వేలు పెట్టి చూడండి. పెద్దవాళ్లకి కొనేటప్పుడు మూత తీసి చూడమని వాళ్ల చేతికే ఇవ్వండి. కారకుండా ఉండాలని మరీ బిగుతుది కొంటే ఆఫీసులో పక్కవాణ్ని పిలవాల్సి వస్తుంది. లోపలే అరలున్న డబ్బాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ అర గోడ మూతని తాకకపోతే చారు అన్నంలోకి పోతుంది. పొడి వంటలకి తప్ప కొనొద్దు.

లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్నది ఎంచుకోండి. ఇది అందం కోసం కాదు. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ఐదు సెంటీమీటర్ల కన్నా లోతు లేని డబ్బాలో అన్నం త్వరగా చల్లారుతుంది. రేపటికి దాచే అన్నం వండిన గంటలోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మర్నాటికి అయిపోవాలి. మన వేసవిలో ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో వండింది బయట గంటకి మించి ఉంచకూడదు అన్నది పాటించదగ్గ నియమం. స్టీల్ ప్లాంటులోనో డాక్‌యార్డులోనో షిఫ్టుకి వెళ్లేవాళ్లు డబ్బాని ముందురోజే ఫ్రిజ్‌లో చల్లబరిచి, గడ్డకట్టిన నీళ్ల సీసాతో కలిపి వేడి తగలని సంచిలో పెట్టుకుని, అక్కడ పొగలొచ్చేలా వేడి చేసుకోవడం మేలు. ఎండ అంత లేని రోజుల్లో పొద్దున్నే వండి పట్టుకెళ్లేవాళ్లు పొగలు కక్కే అన్నం మీద మూత బిగించకండి. ఆవిరి మూతకి పట్టి నీళ్లై అన్నం మీదే కారుతుంది, మధ్యాహ్నానికి జిగురు.

ఆదివారం హార్బరు నుంచి కిలో వంజరం తెచ్చేవాళ్లకి ఒక మాట. ఉప్పూ కారం పట్టించి పూటకి సరిపడా ముక్కలు విడివిడి డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ఒకే పెద్ద డబ్బాలో పెడితే గడ్డ అంతా కరిగించాలి, కరిగించాక అంతా వండాలి, వండాక అంతా తినాలి. పులుసు పెడితే పైన వేలెడు ఖాళీ ఉంచండి, నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. 5 రకం ప్లాస్టిక్ చలికి పెళుసెక్కుతుంది, ఫ్రీజర్లోంచి తీస్తూ గచ్చు మీద జారవిడిస్తే పగులుతుంది.

చేప వాసన పోవట్లేదంటే తప్పు డబ్బాది కాదు, మూతలోని రబ్బరుది. చెంచా కాడతో మెల్లగా లేపండి, చాకు పెడితే రబ్బరు తెగి ఆ చోటే కారుతుంది. గాడిలో నల్లటి గీత కనిపిస్తే అది బూజు. మన ఊరి తేమలో తడి రబ్బరు బిగిస్తే అంతే. వేడినీళ్లలో వంటసోడా కలిపి పావుగంట నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో గాడి తోమి, రబ్బరూ మూతా విడివిడిగా పూర్తిగా ఆరాకే బిగించండి. రబ్బరు సాగి వదులైతే అదే సైజుది విడిగా దొరుకుతుందేమో కొన్న కొట్లోనే అడగండి. క్లిప్పు విరిగిన డబ్బాని పారెయ్యక్కర్లేదు, పల్లీల కొలతకి మూత బిగుతు ఉండనక్కర్లేదు.