పెరట్లో కోళ్లు: ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడ వెతకాలి

విశాఖలో కోడి కాస్త ముడుచుకుని కూర్చుందంటే వెంటనే మందుల షాపుకు పరుగెత్తకండి. ముందు గూట్లో పరిచిన ఊకను గుప్పెడు తీసి పిసకండి. చేతిలో పొడిపొడిగా రాలిపోతే సరే. ముద్ద కట్టిందంటే సగం కారణం దొరికినట్టే. మన దగ్గర ఎండ కంటే, చలి కంటే కోళ్లను ఎక్కువగా తినేసేది తేమ. రాయలసీమలోనో తెలంగాణలోనో కోళ్లు పెంచినవాళ్లు చెప్పే సలహాలు ఇక్కడ సగమే పనిచేయడానికి కారణం అదే.

పిల్లలు కీచుకీచుమంటూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి

చలేస్తోంది. తొలి వారం పిల్లల దగ్గర 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ లేకపోతే పిల్లల్ని చూడండి. బల్బు కింద గుంపు కడితే వేడి చాలడం లేదు. దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే ఎక్కువైంది. అన్నీ ఒకే పక్కకు చేరితే అవతలి వైపు నుంచి గాలి కొడుతోంది, అక్కడ అట్టముక్క అడ్డం పెట్టండి.

బల్బు వెలుగుతోంది కదా, ఇంకా చలేమిటి అని చాలామంది అడుగుతారు. అది ఎల్‌ఈడీ అయి ఉంటుంది. దానికి వెలుగే తప్ప వేడి ఉండదు. పాతరకం 60 వాట్ల ఫిలమెంట్ బల్బు కావాలి. మే నెలలో పగలు అదీ అక్కర్లేదు, రాత్రి చాలు.

పిల్లల కాళ్లు రెండు పక్కలకూ బార్లా జారిపోతుంటే కింద పరిచిన న్యూస్‌పేపర్ తీసేయండి. నున్నటి కాగితం మీద వాటికి పట్టు దొరకదు. రెండు అంగుళాల మందాన వరి ఊక పోయండి.

అసలు తొలిసారి పెంచేవాళ్లు ఒక రోజు వయసు పిల్లల జోలికి పోకుండా నెల దాటిన పిల్లల్ని తెచ్చుకుంటే ఈ టెన్షనే ఉండదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలు ఉన్నాయి. గుడ్లే ముఖ్యమైతే గ్రామప్రియ, కూరకూ పనికిరావాలంటే వనరాజా. రోడ్డు పక్కన గంపల్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మేవి మాత్రం ఇంట్లో మీ పిల్లలు ఏడ్చినా కొనకండి. అవి ఎక్కువగా గుడ్ల ఫారాలకు పనికిరావని హేచరీలు వదిలించుకున్న మగపిల్లలు. వేడి, నీళ్లు లేక అప్పటికే డస్సిపోయి ఉంటాయి.

రెట్టలో రక్తం, రెక్కలు వాలేసి ముడుచుకోవడం

మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో ఇలా కనిపిస్తే ముందు పేగుల్లో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే కాక్సిడియోసిస్‌నే అనుమానించాలి. రెట్ట ద్వారా బయటపడిన ఆ పరాన్నజీవికి తడి ఊక దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తుంది. పిల్లలు అదే ఊకను గీరుకుంటూ తింటాయి. వానాకాలంలోనూ, అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లోనూ ఇది విరుచుకుపడుతుంది.

దీనికి ఆంప్రోలియం పొడి నీళ్లలో కలిపి ఇస్తారు. మోతాదు ప్యాకెట్ మీద ఉన్నట్టే. ఆ నీళ్లు తప్ప వేరే నీళ్లు అందకుండా చూడాలి. ఇక్కడొక చిక్కుంది. "నీరసంగా ఉన్నాయి" అనగానే షాపులో బి-కాంప్లెక్స్ టానిక్ కూడా చేతిలో పెడతారు. ఆంప్రోలియం పనిచేసేదే ఆ పరాన్నజీవికి బి1 విటమిన్ అందకుండా చేసి. రెండూ కలిపి ఇస్తే ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో తీసేసినట్టే. మందు కోర్సు అయ్యాకే టానిక్.

మందుతో ఆగిపోతే మళ్లీ వస్తుంది. తడిసిన ఊకంతా ఎత్తేసి కొత్తది పోయండి. నీళ్ల గిన్నెను ఇటుక మీద, కోడి వీపు ఎత్తులో పెట్టండి. ఊక తడిసేది వాన కంటే ఎక్కువగా ఆ గిన్నె చుట్టూనే. ఉన్న ఊకను రెండు రోజులకోసారి కర్రతో తిరగేయడం అలవాటు చేసుకుంటే ముక్కు పగిలే ఘాటు వాసన, ఈగలు కూడా తగ్గుతాయి. పక్కింటివాళ్ల ఫిర్యాదుల్లో సగం అక్కడే తీరిపోతాయి.

మెడ వంకర తిరగడం, పచ్చటి విరేచనాలు, గురక

కొక్కెర తెగులు. వచ్చాక మందు లేదు, ఎవరైనా ఇంజెక్షన్ ఉందంటే నమ్మకండి. జబ్బు కోడిని వెంటనే వేరుచేసి, మిగతావాటి సంగతి పశువైద్యుడితో మాట్లాడాలి. దీనికి టీకా ఒక్కటే దారి. మొదటి వారంలో లసోటా కంటి చుక్క, నెల వయసులో మరోసారి, ఎనిమిది పది వారాలకు ఆర్‌2బి ఇంజెక్షన్.

ఐదారు కోళ్లున్నవాళ్లకు టీకా వేయించడంలో అసలు కష్టం వేరే. ఒక్కో సీసాలో కనీసం వంద డోసులు ఉంటాయి, కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. అందుకే వీధిలో కోళ్లున్న నాలుగిళ్ల వాళ్లు ఒకే ఉదయం పెట్టుకోవడం మేలు. సీసాను ఐసు వేసిన ఫ్లాస్కులో తేవాలి. చొక్కా జేబులో వేసుకొచ్చిన టీకా నీళ్లతో సమానం.

తలమీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తే అది వేరు, కోళ్ల మశూచి. దోమలు మోస్తాయి. పొక్కుల్ని గిల్లకుండా పసుపు, వేపనూనె రాసి, కన్ను మూసుకుపోయిన కోడికి మేత దగ్గర పెడితే చాలావరకు కోలుకుంటాయి. గూటి చుట్టూ నీళ్లు నిలవనివ్వకండి.

నోరు తెరిచి రొప్పుతున్నాయి, రెక్కలు విప్పుకుంటున్నాయి

కోడికి చెమట పట్టదు. రొప్పుతూ నోట్లోంచి తేమ వదిలితేనే చల్లబడుతుంది. గాలి నిండా తేమే ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది. అందుకే ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో గూటి చుట్టూ తడి గోనెలు కట్టడం నాకు నచ్చని సలహా. గాలి ఆడని గూటికి తడి గోనె కడితే ఉక్క రెట్టింపవుతుంది. రెండు వైపులా జాలీ పెట్టి గాలి పారేలా చేయండి. రేకుల కప్పయితే పైన కొబ్బరి మట్టలు పరవండి. మేత తెల్లవారకముందు, సాయంత్రం వేయండి, మధ్యాహ్నం చల్లటి నీళ్లు చాలు. సొమ్మసిల్లిన కోడి కాళ్లను చల్లటి నీళ్లలో ముంచి నీడలో ఉంచండి.

ఆరు నెలలైనా గుడ్డు లేదు, ఉన్న గుడ్లు ఆగిపోయాయి

ముందు తోట, కట్టెల చాటు, పాత టైరు వెతకండి. దాచి పెట్టే పెట్టలు చాలా ఉంటాయి. ఈకలు రాలుస్తుంటే ఆ కొన్ని వారాలు గుడ్లు ఉండవు, అది జబ్బు కాదు. ఊరికే గూట్లోంచి లేవకుండా కసురుతుంటే పొదుగుడుకు వచ్చింది. పిల్లలు వద్దనుకుంటే గడ్డి లేని జాలీ అడుగు ఉన్న గంపలో నీళ్లు, మేత పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే మానుకుంటుంది. డిసెంబరులో పగలు దాదాపు పదకొండు గంటలే ఉంటుంది కాబట్టి సాయంత్రం చీకటి పడ్డాక మూడు గంటలు బల్బు వేస్తే తేడా తెలుస్తుంది.

ఇవేవీ కాకపోతే మేతే కారణం. ఉత్త నూకలు, మిగిలిన అన్నం మీద గుడ్లు రావు. గుడ్లు పెట్టే కోళ్ల కోసం అమ్మే లేయర్ దాణా గానీ, నూకలు, చిట్టు, చోళ్లకు తోడు వేరుశనగ చెక్క గానీ ఉండాలి. చేపల తలకాయలు ఉడికించి పెట్టవచ్చు, ఎక్కువైతే గుడ్డు నీచు వాసన వస్తుంది. ఉప్పుచేపలు మాత్రం వద్దు, అంత ఉప్పు కోళ్లకు విషం.

మేత బస్తాను నేలమీద, గోడకు ఆనించి పెట్టకండి. బూజు పట్టిన మొక్కజొన్నలో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ఎండబెట్టినా, ఉడకబెట్టినా పోదు. వారం పది రోజులకు సరిపడానే కొనుక్కోండి. వాసన తేడాగా ఉంటే పారేయండి, డబ్బు పోయిందని చూసుకుంటే కాలేయం చెడిన కోళ్లు మిగులుతాయి.

గుడ్డు పెంకు పలచబడితే ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెట్టండి. పెట్టలు కావలసినంత తింటాయి. గుడ్డుకు రాని పిల్లలకు అందనివ్వకండి, కిడ్నీలు పాడవుతాయి.

పొద్దునకు ఒక కోడి లేదు

తల తెగి, మొండెం అక్కడే ఉంటే ముంగిసనో పిల్లినో అనుమానించండి. నేలకు కన్నం కనిపిస్తే పందికొక్కు. పల్చటి కోళ్ల జాలీ కోళ్లను లోపల ఉంచుతుంది గానీ శత్రువును ఆపదు. అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్ (అతుకు వేసిన గట్టి ఇనుప జాలీ) వేసి, అడుగు లోతున నేలలోకి దించండి.

ఒకే రోజు మూడు నాలుగు చచ్చిపోయాయి

కోసి చూడొద్దు, వండొద్దు, చెరువులో పారేయొద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది, ఆ భయం ఊరికే కాదు. ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు వేసుకుని మిగతా కోళ్లను గూట్లో పెట్టి మూసేయండి. దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి చెప్పండి, లేదా సంచార పశువైద్య సేవల 1962కు ఫోన్ చేయండి. వాళ్లు చెప్పేదాకా కోళ్లను గానీ గుడ్లను గానీ ఎవరికీ ఇవ్వకండి.