పెనాంగ్ రేవులో ఓడ ఆగిన రోజు: జార్జ్‌టౌన్‌ను కాలినడకన ఎలా చూడాలి?

సింగపూర్ నుంచి ఉత్తరానికి వెళ్లే క్రూజ్ ఓడల్లో చాలావాటికి మలేషియాలోని పెనాంగ్ దీవి ఒక మజిలీ. పొద్దున ఆగి సాయంత్రం బయల్దేరతాయి. చేతిలో డబ్బు తక్కువ, కాళ్లలో ఓపిక ఎక్కువ ఉన్న విద్యార్థికి మలేషియాలో ఇంతకంటే అనువైన రేవు లేదు. కారణం దూరం. పోర్ట్ క్లాంగ్‌లో దిగితే కౌలాలంపూర్ చేరడానికే గంటకు పైగా పోతుంది. పెనాంగ్‌లో ఓడ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ మాత్రం జార్జ్‌టౌన్ పాతబస్తీని ఆనుకునే ఉంటుంది. గేటు దాటితే ఊళ్లో ఉన్నట్టే. అందుకే మా సలహా ఒక్కటే: టూరు కొనకండి, పెనాంగ్ హిల్ కొండ ఎక్కే పని పెట్టుకోకండి, పాతబస్తీని నడిచి చూడండి.

1. ఇంటి దగ్గరే ముగించాల్సిన పనులు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు 30 రోజుల్లోపు పర్యటనకు మలేషియా వీసా అక్కర్లేదు. ఈ మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు ఉంది. అయితే మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు అనే ఆన్‌లైన్ ఫారం ఉంటుంది, దాన్ని చేరే తేదీకి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. దానికి పైసా ఖర్చు లేదు. డబ్బు అడుగుతోందంటే అది ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటు కాదని అర్థం, వెంటనే మూసేయండి. ఓడ ప్రయాణికులకు ఈ ఫారం విషయంలో ఏం చేయాలో క్రూజ్ కంపెనీ ముందే చెబుతుంది, టికెట్‌తో వచ్చే కాగితాల్లో వెతకండి.

అసలు చిక్కు మలేషియాతో కాదు, సింగపూర్‌తో వస్తుంది. ఓడ తిరిగి సింగపూర్‌కే వస్తే అది కొత్తగా దేశంలోకి అడుగుపెట్టినట్టే లెక్క. వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చి ఉంటే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు. వీసా మీద ఎన్ని ప్రవేశాలున్నాయో, ఏ తేదీ వరకు చెల్లుతుందో చూసుకున్నాకే ఓడ టికెట్ కొనండి. సింగపూర్‌లోనే చదువుకుంటున్నవాళ్లు స్టూడెంట్ పాస్ గడువు సరిచూసుకోవాలి.

కారు పిలిపించుకునే గ్రాబ్ యాప్‌ను ఇంట్లో ఉండగానే వేసుకుని ఫోన్ నంబరుతో నమోదు పూర్తి చేయండి. ఓటీపీ మన నంబరుకు వస్తుంది. అక్కడికెళ్లి సిమ్ మార్చాక మొదలుపెడితే ఆ ఓటీపీ అందక రేవు గేటు దగ్గరే నిలబడిపోతారు. బ్యాంకు కార్డుదీ ఇదే కథ. రిజర్వు బ్యాంకు 2020లో పెట్టిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు ఆపే ఉంటాయి. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. జార్జ్‌టౌన్ మ్యాపును ఆఫ్‌లైన్‌లో దించుకుంటే రోజంతా డేటా లేకపోయినా గడిచిపోతుంది.

2. ఓడ దిగే ముందు పావుగంట

ముందు గడియారం సంగతి. మలేషియా, సింగపూర్ రెండింటిదీ ఒకే సమయం, మనకంటే రెండున్నర గంటలు ముందు. థాయిలాండ్ వాటికంటే గంట వెనక. ఓడ ఫుకెట్ నుంచి పెనాంగ్ వస్తుంటే ఈ గంట తేడాయే కొంప ముంచుతుంది. ఓడ గడియారం ఒకటి చూపిస్తుంటే, ఒడ్డున దిగగానే మీ ఫోన్ స్థానిక టైముకు మారిపోతుంది. ఆ రోజు కార్యక్రమ పత్రంలో ‘చివరగా ఓడ ఎక్కాల్సిన సమయం’ ఏ గడియారం ప్రకారం రాశారో రిసెప్షన్‌లో అడిగి, మామూలు చేతి గడియారాన్ని దానికి సరిచేసి కట్టుకోండి.

అదే పత్రంలో రేవు ఏజెంటు, అంటే ఓడ కంపెనీ తరఫున రేవులో పనులు చూసే మనిషి, ఫోన్ నంబరు ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకోండి, కాగితం మీద కూడా రాసుకోండి.

సముద్రం మీద ఉన్నంతసేపూ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచాలి. ఓడలో ఉపగ్రహం ద్వారా నడిచే మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, మామూలు రోమింగ్ ప్యాక్‌లు సాధారణంగా దానికి వర్తించవు. తెలియక డేటా ఆన్‌లో ఉంచితే వచ్చే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. రేవులో దిగాకే ఆన్ చేయండి.

సంచిలో పెట్టుకోవాల్సినవి: ఓడ కార్డు, పాస్‌పోర్టు (ఓడవాళ్లు తమ దగ్గర ఉంచుకుంటే దాని జిరాక్సు), కాలేజీ గుర్తింపు కార్డు, లీటరు నీళ్ల సీసా, గొడుగు, టిష్యూ కాగితాలు, భుజాలు మోకాళ్లు కప్పే బట్టలు. ఓడ బఫేలో పండ్లు, మాంసం వంటివి సంచిలో వేసుకుని దిగకండి, ఒడ్డుకు తేనివ్వరు.

3. డబ్బు

రింగిట్ విలువ ఇరవై రూపాయల పైచిలుకు. ఓడలో, రేవు గేటు దగ్గర మార్చుకోవద్దు, రేటు గిట్టదు. పది పదిహేను నిమిషాలు నడిస్తే వచ్చే లిటిల్ ఇండియాలో లైసెన్సున్న మనీ ఛేంజర్లు ఉన్నారు. రెండు మూడు బోర్డులు పోల్చి చూడండి. తిండి, ఒక ప్రవేశ రుసుము, చిన్నచిన్న కొనుగోళ్లు అన్నీ కలిపి 100 రింగిట్లలో రోజు హాయిగా గడుస్తుంది. పెద్ద నోట్లు వస్తే ముందుగానే చిల్లర చేయించుకోండి. తోపుడుబండ్ల దగ్గర 50 నోటుకే మొహం చిట్లిస్తారు, ర్యాపిడ్ పెనాంగ్ బస్సుల్లో నగదు ఇస్తే చిల్లర తిరిగి ఇవ్వరు.

4. నడక దారి

గేటు బయట ట్యాక్సీవాళ్లు చుట్టుముడతారు. చిరునవ్వుతో వద్దని చెప్పి ఎదురుగా కనిపించే తెల్లటి గడియార స్తంభం వైపు నడవండి. విక్టోరియా రాణి పాలన 1897లో అరవై ఏళ్లు నిండిన సందర్భానికి గుర్తుగా, ఏడాదికి ఒక అడుగు చొప్పున 60 అడుగుల ఎత్తు కట్టారు. అది పూర్తయ్యేసరికి రాణే లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో పడిన బాంబుల వల్ల కాస్త ఒరిగింది కూడా, పరకాయించి చూస్తే తెలుస్తుంది. పక్కనే కార్న్‌వాలిస్ కోట. 1786 ఆగస్టులో ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ తరఫున ఈ దీవిని చేజిక్కించుకున్నది ఇక్కడే. సమయం తక్కువైతే బయటి నుంచి చూసి సాగిపోండి. లోపల టికెట్ డబ్బుకు తగినంత లేదని మా అభిప్రాయం.

ఫార్‌క్వార్ వీధిలో 1818 నాటి సెయింట్ జార్జ్ చర్చి చూసి, మస్జిద్ కపితాన్ కెలింగ్ రోడ్డులోకి తిరగండి. ఈ ఒక్క రోడ్డు వెంట చర్చి, చైనీయుల కరుణాదేవి గుడి, దక్షిణాది అమ్మవారి గుడి, మసీదు వరుసగా వస్తాయి. 2008లో యునెస్కో మెలకాతో కలిపి జార్జ్‌టౌన్‌ను ప్రపంచ వారసత్వ పట్టణంగా గుర్తించిందంటే ఈ పొరుగుతనమే పెద్ద కారణం.

ఇక్కడ సమయపాలన ముఖ్యం. క్వీన్ వీధిలోని శ్రీ మహామారియమ్మన్ గుడి (1833) మన ఊరి గుడిలాగే మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. మసీదులో నమాజు వేళ సందర్శకులను ఆపుతారు, మధ్యాహ్నం నమాజు ఒంటిగంట దాటాక వస్తుంది. శుక్రవారమైతే ఇంకా ముందే ఆపేస్తారు. కాబట్టి గుడి, మసీదు రెండూ పన్నెండు లోపు ముగించండి. చాలామంది పొద్దుటి పూటంతా గోడబొమ్మల దగ్గర గడిపేసి, తీరా వచ్చేసరికి రెండు తలుపులూ మూసి ఉండటం చూసి వెనుదిరుగుతారు.

ఈ మసీదు పేరు మనం ఆగి వినాల్సిన పేరు. 1801లో స్థాపించిన ఈ మసీదు ‘కెలింగుల కపితాన్’ది, అంటే దక్షిణ భారత ముస్లింల నాయకుడిది. ‘కెలింగ్’ మాట కళింగం నుంచి వచ్చింది. మన శ్రీకాకుళం తీరం కూడా ఆ కళింగంలోనిదే. అయితే ఈ రోజుల్లో మలేషియాలో మనుషులను ఉద్దేశించి ఆ మాట వాడితే తిట్టు కిందే లెక్క. మసీదు పేరుగా తప్ప నోట రానివ్వకండి.

అక్కడి నుంచి ఆర్మేనియన్ వీధి. గోడ మీద పిల్లలు, ముందు నిజం సైకిలు ఉన్న బొమ్మను 2012లో ఎర్నెస్ట్ జఖారెవిచ్ వేశాడు. ఫొటో కోసం వరుస పొడవుగా ఉంటే నిలబడకండి, ఆ వీధుల్లో ఇంకా చాలా బొమ్మలున్నాయి. అర గంట మిగిలితే దాన్ని ఖూ కోంగ్సీకి ఇవ్వండి. ఖూ అనే ఇంటిపేరువాళ్ల కులదైవ మందిరం అది. టికెట్ కొని చూడదగ్గది మా లెక్కలో ఇదొక్కటే, పైకప్పు మీది చెక్కడాలకే ఆ డబ్బు చెల్లు.

చివర సముద్రపు ఒడ్డున చ్యూ జెట్టీ. నీళ్లలో పాతిన గుంజల మీద చెక్క ఇళ్లు, ఒకే ఇంటిపేరువాళ్ల వాడ. ఉచితమే కానీ అవి జనం కాపురముంటున్న ఇళ్లు. తలుపుల్లోంచి తొంగిచూడటం, లోపలివాళ్లను అడగకుండా ఫొటో తీయడం చేయకండి. అక్కడి నుంచి వెల్డ్ క్వే అనే తీరపు రోడ్డు వెంట ఉత్తరంగా ఇరవై నిమిషాలు నడిస్తే మీ ఓడ. దారి తప్పితే తూర్పున సముద్రం, నైరుతిలో కోమ్‌తార్ అనే ఎత్తైన గుండ్రటి టవరు గుర్తు.

నడకలో ఇబ్బంది పెట్టేది ఎండ కంటే ఉక్కపోత. పాత దుకాణాల ముందుండే వరండాను అక్కడ ‘కాకి లీమా’ అంటారు. నీడ, వాన రక్షణ రెండూ అదే. కానీ అడ్డంగా మోటారు సైకిళ్లు పెట్టి ఉంటాయి, మెట్టు ఎత్తు ఇంటింటికీ మారుతుంది, పక్కనే మూత లేని కాలువ. ఫోన్ చూస్తూ నడవకండి. కాళ్లు నొప్పెడితే వెల్డ్ క్వే నుంచి పాతబస్తీ చుట్టూ తిరిగే ఉచిత క్యాట్ బస్సు ఉంది. మూడు చక్రాల బెచా ఎక్కితే ముందే బేరం తేల్చుకోండి: గంటకా, దారికా, బండికా, మనిషికా? ఈ చివరి ప్రశ్న అడగకపోవడం వల్లే గొడవలొస్తాయి.

5. తిండి

పొద్దున రోటీ చనాయ్, పప్పు కూర. మన పరోటాకు దగ్గరి చుట్టం. ‘రోటీ కోసోంగ్’ అంటే గుడ్డు, ఉల్లి లేనిది. కోసోంగ్ అంటే ఖాళీ. అదే మాట టీకి వాడితే చక్కెర లేనిదని. తేహ్ తారిక్ అనే పాల టీలో కండెన్స్‌డ్ మిల్క్ పోస్తారు, చాలా తీపి. ‘కురాంగ్ మానిస్’ అంటే తీపి తగ్గిస్తారు.

మధ్యాహ్నం నాసి కందార్. నాసి అంటే అన్నం, కందార్ అంటే కావడి. తమిళ ముస్లింలు ఒకప్పుడు కావడి మీద మోసుకొచ్చి అమ్మిన భోజనం. నాలుగైదు పులుసులు కలిపి పోయమంటే ‘కువా చంపూర్’. ధర ముక్కను బట్టి ఉంటుంది. పెద్ద రొయ్య, చేప తల చూపించే ముందు ఎంతో అడగండి, లేకపోతే పది రింగిట్ల ప్లేటు నలభై అవుతుంది.

శాకాహారులకు ఒక హెచ్చరిక. అసమ్ లక్సా చింతపండు పులుసులా కనిపిస్తుంది కానీ చేపలతో కాచింది. కూరగాయల వేపుళ్లలోనూ, సంబాల్ అనే మిరప పచ్చడిలోనూ బెలాచాన్ అనే రొయ్యల ముద్ద ఉంటుంది. చార్ క్వే త్యావ్ అనే నూడుల్స్ వేపుడులో పంది కొవ్వు వేయడం మామూలే. ‘మాంసం వద్దు’ అంటే చాలదు. లిటిల్ ఇండియాలో అరటాకు భోజనం పెట్టే శాకాహార హోటళ్లే నిశ్చింత.

పెనాంగ్ రోడ్డు వైపు వెళ్తే కొబ్బరిపాలు, బెల్లంతో చేసే చల్లటి చెందోల్ తాగి, చౌరస్తా మార్కెట్‌లో దూరండి. అవును, తెలంగాణలో నిత్యం అనే ఆ చౌరస్తాయే. మనం జాజికాయ గింజనే ఎరుగుదుం, అక్కడ పైనున్న పండు కండను ఊరబెట్టి అమ్ముతారు, రసమూ తీస్తారు.

6. కొండ ఎక్కాలనిపిస్తే

వెల్డ్ క్వేలోని జెట్టీ బస్టాండు నుంచి 204 నంబరు బస్సు పెనాంగ్ హిల్ అడుగుకు వెళ్తుంది. కొండ మీదికి 1923లో మొదలైన ఫ్యునిక్యులర్ (ఇనుప తాడుతో లాగే) రైలు. రానూపోనూ బస్సు, అక్కడి వరుసలు కలిపి నాలుగైదు గంటలు తినేస్తుంది. ఓడ తొమ్మిది గంటలకు పైగా ఆగితేనే ఆలోచించండి, అదీ పొద్దున మొదటి పనిగా. మధ్యాహ్నం మబ్బు కమ్మితే పైన ఏమీ కనిపించదు.

7. తిరిగి ఓడకు

చివరి సమయానికి గంటన్నర ముందే రేవు వైపు మళ్లండి. సాయంత్రం వెల్డ్ క్వేలో ట్రాఫిక్ ఆగిపోతుంది. అలాంటప్పుడు కారు కోసం చూడకుండా నడిచి రావడమే మేలు. భద్రతా తనిఖీ వరుస కూడా ఉంటుంది. ఆలస్యమైతే ముందుగా రేవు ఏజెంటుకు ఫోన్ చేయండి. ఓడ వెళ్లిపోతే మీ పాస్‌పోర్టు సంగతి, తర్వాతి రేవుకు చేరే దారి ఆయన చెబుతారు, విమానం ఖర్చు మాత్రం మీదే.

జాజికాయ ఊరగాయ గట్టిగా సీలు వేసినదే కొనండి. దురియన్ పండు మాత్రం ఒడ్డునే తినేసి, చేతులు కడుక్కుని ఎక్కండి. ఆ వాసనతో ఓడలోకి రానివ్వరు.